సృష్టి కథలో 1,380 కోట్ల ఏళ్లు ఎందుకు లేవంటే

అమ్మా, నువ్వు రాసింది మొత్తం చదివాను. నాకు అర్థమైనంతలో నీ ప్రశ్న ఇదీ. బీఎస్సీలో బిగ్ బ్యాంగ్ చదువుతున్నావు, పరిణామం చదువుతున్నావు, భూమి వయసు 454 కోట్ల ఏళ్లని పరీక్షలో రాస్తున్నావు. ఆదివారం చర్చిలో ఆరు రోజుల్లో సృష్టి అయిపోయిందని వింటున్నావు. దేవుడు రాయించిన పుస్తకమే అయితే, అప్పటివాళ్లకు తెలియని సైన్సు సంగతి ఒక్కటంటే ఒక్కటి అందులో ఎందుకు పెట్టలేదు, కనీసం డైనోసార్ల మాటైనా ఎందుకు లేదు అని. యూత్ మీటింగ్‌లో ఇదే అడిగితే ఒక పెద్దాయన "నీకు విశ్వాసం తగ్గిపోయింది" అన్నారనీ, కాలేజీలో స్నేహితురాలు "అదంతా కట్టుకథ, వదిలెయ్" అందనీ, ఈ రెండిటి మధ్య నలిగిపోతున్నాననీ రాశావు. ఆ చివరి మాట చూశాకే, పొడుగైనా సరే, పూర్తిగా రాద్దామని కూర్చున్నాను.

నేను విశాఖలో చాలా ఏళ్లు డిగ్రీ పిల్లలకు జియాలజీ చెప్పినవాణ్ణి. ఇదే ఊళ్లో ఒకప్పుడు సండే స్కూల్లో, ఇప్పుడు పెద్దవాళ్ల బైబిల్ స్టడీలో ఆదికాండం, అంటే బైబిల్లోని మొదటి పుస్తకం, చెబుతున్నాను. శనివారం పిల్లల్ని కొండల మీదికి తీసుకెళ్లి ఈ రాయికి వంద కోట్ల ఏళ్లని చెప్పి, మర్నాడు పొద్దున్నే "ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను" అని చదవడం నాకు ఎన్నడూ రెండు నాలుకలతో మాట్లాడినట్టు అనిపించలేదు.

సూటిగా చెప్పాలంటే, ఆదికాండం మొదటి అధ్యాయంలో సైన్సు వివరాలు లేకపోవడానికి కారణం ఒక్కటే: ఆ మాటలు మొదట విన్నవాళ్ల ప్రశ్నలు వేరు. ఈ లోకం ఎవరిది, సూర్యుడికీ సముద్రానికీ భయపడి దండం పెట్టాలా అక్కర్లేదా, మనిషి బతుక్కి ఏమైనా విలువ ఉందా లేక దేవతలకు చాకిరీ చెయ్యడానికే పుట్టామా... వాళ్ల ప్రాణం మీదికి వచ్చిన ప్రశ్నలివి. ఈ జవాబు నువ్వు ఇదివరకే ఎక్కడో విని ఉంటావు, తప్పించుకునే మాటలా అనిపించి ఉంటుంది కూడా. పైపైన చెప్పి వదిలేస్తే అలాగే ఉంటుంది. అందుకే కాస్త లోపలికి వెళదాం.

క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం యూదుల రాజధాని యెరూషలేమును తగలబెట్టింది. దేవాలయం కూలిపోయింది, జనాన్ని చెరపట్టుకుని వందల మైళ్ల దూరం తీసుకుపోయారు. ఆదికాండం మోషే రాశాడన్నది సంప్రదాయం. మొదటి అధ్యాయం ఇప్పుడున్న రూపానికి ఈ చెర కాలం చుట్టూ వచ్చిందని చాలామంది పండితులు అంటారు. నువ్వు ఏది నమ్మినా ఒక సంగతి మారదు. ఐగుప్తులో అయినా బబులోనులో అయినా, తమకంటే వంద రెట్లు బలమైన రాజ్యాల మధ్య, ఆ రాజ్యాల దేవుళ్ల కథలు రోజూ చెవిన పడుతుండగా బతికిన జనం ఇది విన్నారు.

ఆ కథల్లో ఒకటి మనకు దాదాపు పూర్తిగా దొరికింది. పేరు ఎనూమా ఎలిష్. నీనెవె శిథిలాల్లో, అషూర్‌బానిపాల్ రాజు గ్రంథాలయంలో మట్టి పలకల మీద ఉంటే, జార్జ్ స్మిత్ అనే ఆయన 1876లో దాన్ని లోకానికి చూపించాడు. ఏడు పలకల కథ. బబులోనులో కొత్త సంవత్సరం పండగకు దాన్ని గుడిలో చదివేవారు. అందులో మొదట ఉన్నవి నీళ్లు. ఉప్పునీటి తల్లి తియామత్. దేవతల మధ్య గొడవ ముదిరి బబులోను పెద్ద దేవుడు మర్దూక్ ఆమెను చంపుతాడు, చంపి, ఎండబెట్టే చేపను చీల్చినట్టు రెండుగా చీలుస్తాడు. ఈ పోలిక నాది కాదు, ఆ పలకల్లోదే. మన ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల్ని నిలువునా చీల్చి ఎండలో పరచడం చూసినవాళ్లకు ఆ బొమ్మ ఎంత కరుగ్గా ఉందో తెలుస్తుంది. ఒక సగం ఆకాశమైంది, రెండో సగం భూమి. ఆ తర్వాత ఓడిపోయిన కింగు అనే దేవత రక్తంతో మనుషుల్ని చేశారు. దేనికంటే, దేవతల పని మనుషులు చేస్తే దేవతలు విశ్రాంతి తీసుకోవచ్చని.

ఇప్పుడు ఈ కథ చెవుల్లో ఉండగానే ఆదికాండం మొదటి అధ్యాయం మళ్లీ తెరువు. ఇక్కడా మొదట నీళ్లే, చీకటే. కానీ యుద్ధం లేదు. నీళ్లు ఎదురు తిరగవు, దేవుడు చెమటోడ్చడు, చెబుతాడు, అవుతుంది. సూర్యచంద్రులు అక్కడ ఊరూరా గుళ్లున్న దేవుళ్లు; ఇక్కడ నాలుగో రోజుకి గానీ వాళ్ల వంతు రాదు, వచ్చాక కూడా వెలుగివ్వడం, పండగలు, రోజులు, సంవత్సరాలు లెక్క చూపించడం, అంతే వాళ్ల ఉద్యోగం. అక్కడ జనం వణికిపోయే సముద్రపు పెద్ద జంతువులు ఇక్కడ ఐదో రోజున చేపలతో పాటు పుట్టిన మామూలు ప్రాణులు. ఇక మనిషి. ఐగుప్తులోనూ మెసొపొటేమియాలోనూ దేవుడి పోలిక అని రాజును పొగిడేవారు, కూలివాణ్ణి కాదు. ఆదికాండం ఆ మాటను తెచ్చి స్త్రీనీ పురుషుణ్ణీ కలిపి ప్రతి మనిషికీ ఇచ్చేసింది. చెరలో ఇటుకలు మోస్తున్న ఆడమనిషి కూడా దేవుడి పోలికే. విశ్రాంతి దినం సంగతి మరీ చూడు: బబులోను కథలో దేవతలు విశ్రాంతి తీసుకోవడానికి మనుషులు చాకిరీ చెయ్యాలి, ఇక్కడ దేవుడి విశ్రాంతిలో దాసికీ దాసుడికీ, ఆఖరికి పశువుకీ వాటా ఉందని నిర్గమకాండం చెబుతుంది. నన్నడిగితే ఇంత పెద్ద తిరుగుబాటు పత్రం ఆ కాలంలో మరొకటి లేదు. దీన్ని పక్కనపెట్టి ఇందులో హైడ్రోజన్ లేదేమిటని అడిగితే, ఆ జనానికి అందిన అన్నం ముద్ద మనం చూడనట్టే.

రోజుల క్రమం గురించి కూడా అడిగావు. వెలుగు మొదటి రోజున, సూర్యుడు నాలుగో రోజున, మొక్కలు సూర్యుడి కంటే ముందు మూడో రోజున. ఇది రాసినవాడికి ఎండ సూర్యుడి నుంచి వస్తుందని తెలీదనుకుంటున్నావా? పొలం దున్నేవాడికి ఎవరికైనా తెలుస్తుంది. ఆ ఆరు రోజుల్ని రెండు వరసలుగా రాసి చూడు. మొదటి మూడు రోజుల్లో చోట్లు సిద్ధమవుతాయి: వెలుగు చీకట్లు, ఆకాశం నీళ్లు, నేల. తర్వాతి మూడు రోజుల్లో అవే చోట్లలోకి కాపురానికి వచ్చేవాళ్లు అదే వరసలో వస్తారు: సూర్యచంద్రులు, పక్షులూ చేపలూ, జంతువులూ మనిషీ. అది అర్థాన్ని బట్టి పేర్చిన వరస, డైరీ రాసుకున్న వరస కాదు. దానికి ఇంకో రుజువు పక్క పేజీలోనే ఉంది. రెండో అధ్యాయంలో మనిషి ముందు, తోట తర్వాత, జంతువులు ఆ తర్వాత. రెండు క్రమాల్నీ పక్కపక్కనే పెట్టి, సర్దే ప్రయత్నం కూడా చెయ్యకుండా వదిలేశారంటే, వాళ్లకు ఏది ముందు ఏది వెనక అన్న తేదీల గోల అసలు లేదన్నమాట.

మనింట్లో శుభలేఖ వస్తుంది. ఎవరి అమ్మాయి, ఎవరి అబ్బాయి, ముహూర్తం, ఎవరు పిలుస్తున్నారు, అన్నీ ఉంటాయి. పెళ్లికూతురి బ్లడ్ గ్రూపు లేదనీ భోజనాలకు ఎన్ని బస్తాల బియ్యం వండుతున్నారో రాయలేదనీ ఆ కార్డు అబద్ధమని ఎవరం అనం. ఆ వివరాలు నిజమే, వంటవాడికి కావాలి కూడా, కానీ వాటిని వెతకాల్సిన చోటు వేరు.

"సరే అంకుల్, కానీ రుజువు కోసం ఒక్క వాక్యం పెట్టొచ్చుగా" అని నువ్వు అడుగుతావని తెలుసు, అడిగావు కూడా. ఒకసారి పెట్టి చూద్దాం. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు, భూమి వయసు 454 కోట్ల ఏళ్లు అని ఆదికాండంలో ఒక వచనం ఉందనుకో. దాన్ని విన్న గొర్రెల కాపరి ఏం చేసుకుంటాడు? నకలు రాసే శాస్త్రి ఏదో తప్పు పడిందనుకుని దిద్దేస్తాడు. దిద్దకుండా మిగిలినా, తర్వాత వచ్చిన చదువుకున్నవాళ్లు చాలామంది దాన్ని చూపించి ఎగతాళి చేసేవారు, ఎందుకంటే విశ్వానికి మొదలే లేదని అరిస్టాటిల్ చెప్పాడు, పెద్దపెద్ద వాళ్లు చాలామంది అదే నమ్మారు. ఆ వాక్యం పనికొచ్చేది ఎవరికయ్యా అంటే, గత అరవై డెబ్భై ఏళ్లలో పుట్టి, సైన్సు చదువుకున్న మనలాంటి కొద్దిమందికి. మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. భీమిలిలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని తిరిగిన మనిషి. "సముద్రాన్ని కూడా ఆయనే చేశాడంట, మరి నాకెందుకు భయం" అనేది. ఆవిడకి అర్థం కాకుండా మన తరం డిగ్రీ వాళ్లకు మాత్రం సర్టిఫికెట్ ఇచ్చే దేవుణ్ణి నేనైతే ఒప్పుకోను.

పైగా ఏ సంవత్సరం సైన్సు పెట్టాలి? ఈ ప్రశ్న మా క్లాసులో పిల్లల్ని ఎప్పుడూ అడిగేవాణ్ణి, ఎందుకంటే భూమి వయసు కథే దీనికి మంచి పాఠం. 1650లో అషర్ అనే ఆర్చిబిషప్ బైబిల్లోని వంశావళులు లెక్కగట్టి సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందన్నాడు. 1862లో కెల్విన్, అప్పటికి భౌతికశాస్త్రంలో ఆయన్ని మించినవాడు లేడు, భూమి చల్లారే వేగాన్ని బట్టి 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్లన్నాడు, తర్వాత 1897లో దాన్ని 2 నుంచి 4 కోట్లకు కుదించాడు. అంతకుముందు ఏడాదే బెకెరెల్ రేడియోధార్మికత కనిపెట్టాడు, దాంతో మొత్తం లెక్క మారిపోయింది. 1913కి ఆర్థర్ హోమ్స్ 160 కోట్ల దాకా తీసుకెళ్లాడు. 1956లో క్లేర్ ప్యాటర్సన్ ఉల్కల్లోని సీసాన్ని కొలిచి 455 కోట్లన్నాడు, ఇప్పటికీ మనం అక్కడే ఉన్నాం. విశ్వం సంగతీ అంతే. 1929లో హబుల్ ఇచ్చిన వ్యాకోచం వేగంతో లెక్కేస్తే విశ్వం వయసు సుమారు 200 కోట్ల ఏళ్లే వచ్చేది, అంటే కొంతకాలానికే రాళ్లు విశ్వం కంటే వయసులో పెద్దవైపోయాయి! ఖండాలు కదులుతాయని వెగెనర్ 1912లో అంటే నవ్వారు, 1960ల దాకా ఒప్పుకోలేదు. 1998లో విశ్వం వ్యాకోచం వేగం పెరుగుతోందని తేలింది, ఇప్పుడు విశ్వంలో మనకు తెలిసిన మామూలు పదార్థం 5 శాతమే, మిగతాది ఏమిటో వెతుకుతున్నాం. ఇందులో సైన్సు తప్పేమీ లేదు. తప్పు పట్టుకుని దిద్దుకోవడమే దాని బలం, అందుకే దాన్ని అంత ప్రేమగా చెప్పాను. కానీ ఈ ఏడాది పాఠ్యపుస్తకాన్ని గ్రంథంలో అచ్చేస్తే రెండొందల ఏళ్ల తర్వాత పుట్టే పిల్ల నీలాగే కూర్చుని, "ఇదేమిటి, ఇంత పాత లెక్క" అంటుంది.

ఇది మన క్రైస్తవుల సమస్యే అనుకోకు. నీ స్నేహితుల్లో "మా పురాణాల్లో 432 కోట్ల ఏళ్లని అప్పుడే చెప్పారు" అనేవాళ్లుంటారు. ఆ సంఖ్య నిజంగానే ఉంది, వెయ్యి మహాయుగాలు ఒక కల్పం, బ్రహ్మకు ఒక పగలు. ఇంట్లో పూజ దగ్గర సంకల్పం చెప్పేటప్పుడు "ద్వితీయ పరార్ధే, శ్వేతవరాహ కల్పే, వైవస్వత మన్వంతరే" అని వినే ఉంటావు, అది కాలంలో మనం ఎక్కడున్నామో చెప్పే అడ్రసు. అంత పెద్ద కాలాన్ని ఊహించిన తెగువకు నేను నిజంగా చేతులెత్తి దండం పెడతాను, ఆ రోజుల్లో ప్రపంచంలో ఇంకెవరూ అంత దూరం ఆలోచించలేదేమో అనిపిస్తుంది. కానీ 432 కోట్లు కల్పం మొత్తం పొడవు. అదే లెక్కలో ఈ కల్పం మొదలై గడిచింది సుమారు 197 కోట్లు, బ్రహ్మ ఆయుష్షు 311 లక్షల కోట్ల ఏళ్లు. భూమి వయసుకు దగ్గరగా వచ్చిన ఒక్క అంకెను ఏరుకుని మిగతావి వదిలేస్తే, అది ఆ గ్రంథానికి గౌరవం కాదు. మేఘనాథ్ సాహా, 1920లో నక్షత్రాల అయనీకరణ సమీకరణం ఇచ్చినాయన, తన పని గురించి ఢాకాలో ఒక లాయరుకు ఉత్సాహంగా చెబితే ఆయన "ఇందులో కొత్తేముంది, అంతా వేదాల్లో ఉంది" అన్నాడట. ఏ వేదంలో, ఎక్కడ అని అడిగితే, నేను చదవలేదు గానీ ఉంటుందన్నాడట. సాహా ఈ సంగతి స్వయంగా రాశారు. మన దగ్గర కూడా "అన్నీ వేదాల్లో ఉన్నాయష" అన్న మాట ఊరికే పుట్టలేదు.

అసలు వేదం ఏమంటుందో చూడు. ఋగ్వేదం పదో మండలంలో 129వ సూక్తం, నాసదీయ సూక్తం అంటారు, ఏడే మంత్రాలు. అప్పుడు ఉన్నదీ లేదు, లేనిదీ లేదు అని మొదలై, ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి తెలుసు, దేవతలు కూడా తర్వాత వచ్చినవాళ్లే కదా, పై నుంచి చూస్తున్నవాడికి తెలుసేమో, ఆయనకూ తెలీదేమో అని ఆగిపోతుంది. మన పోతన గారి గజేంద్రుడు మొసలి నోట్లో కాలు పెట్టుకుని లోకాలన్నీ పోయాక మిగిలే పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి పిలుస్తాడు గానీ, ఆ చీకటి ఎన్నేళ్లు ఉందని అడగడు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు ఉండేవారు కదా, వాళ్ల గురువైతే లోకం శాశ్వతమా కాదా అన్న ప్రశ్నకు జవాబే చెప్పనన్నాడు, దుఃఖం పోవడానికి అది అక్కర్లేదని. మతాలు వేరు, చెప్పే సంగతులు వేరు, అన్నీ ఒకటే అనడం లేదు. కానీ వీళ్లెవరూ ఫిజిక్స్ ట్యూషన్ చెప్పడానికి కూర్చోలేదన్నది మాత్రం స్పష్టం.

మనవాళ్లూ తక్కువ తినలేదు. బైబిల్లో యోబు గ్రంథం 26వ అధ్యాయంలో దేవుడు శూన్యం మీద భూమిని వేలాడదీశాడని ఉంది, చూశారా గురుత్వాకర్షణ అని స్టేజీ మీద చెప్పే ప్రసంగీకుల్ని నేను విన్నాను. అదే యోబు 9వ అధ్యాయంలో భూమికి స్తంభాలున్నాయి, 38లో పునాదులున్నాయి. ఒకటి సైన్సు, మిగతావి కవిత్వం అని ఎవరు తేల్చారు? మూడూ కవిత్వమే, మూడూ గొప్ప కవిత్వమే. ఇలా ఏరి చూపించే రుజువుల మీద పిల్లల విశ్వాసం కడితే, ఇంజనీరింగ్ ఫస్టియర్లో ఎవడో యూట్యూబ్ వీడియో చూపించగానే అది కూలుతుంది. అలా కూలిన పిల్లలు నాకు తెలుసు, వాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లు పోగొట్టుకున్నది అసలు వాళ్లకు ఎవరూ సరిగ్గా ఇవ్వనేలేదు.

ఇక ఆ పెద్దాయన మాట. విశ్వాసం తగ్గితే ఇలాంటి ప్రశ్నలు వస్తాయనుకుంటే సంఘ పితరులకే, అంటే తొలి శతాబ్దాల చర్చి గురువులకే, ముందు తగ్గి ఉండాలి. మూడో శతాబ్దంలోనే ఒరిగెన్, సూర్యుడు లేకుండా మొదటి మూడు రోజులు సాయంకాలం, ఉదయం ఎలా అయ్యాయి, బుద్ధి ఉన్నవాడెవడైనా దాన్ని అక్షరాలా తీసుకుంటాడా అని అడిగాడు. డార్విన్ పుట్టడానికి ఎన్ని వందల ఏళ్ల ముందో చూడు. ఐదో శతాబ్దం మొదట్లో ఆగస్టీన్ ఆదికాండం మీద పెద్ద వ్యాఖ్యానం రాస్తూ, నక్షత్రాల గురించి, గ్రహణాల గురించి అవిశ్వాసికి కూడా తెలిసిన సంగతుల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తెలివితక్కువ మాటలు మాట్లాడితే సిగ్గుచేటు, అలాంటివాడు పునరుత్థానం గురించి చెబితే ఇంకెవరు నమ్ముతారు అన్నాడు. 1554లో ప్రొటెస్టెంట్ సంస్కర్త కాల్విన్ ఇంకా ముచ్చటగా చెప్పాడు. చంద్రుణ్ణి పెద్ద జ్యోతుల్లో ఒకటిగా చెప్పారు, కానీ శనిగ్రహం చంద్రుడి కంటే పెద్దదని ఖగోళ శాస్త్రజ్ఞులు నిరూపించారు కదా, మరి ఇదేమిటంటే, మోషే చదువుకోని మామూలు మనిషి కంటికి కనిపించినట్టు రాశాడు, ఖగోళశాస్త్రం నేర్చుకోవాలనుకునేవాడు వేరే చోటికి వెళ్లాలి అని. ఆ శాస్త్రాన్ని తిట్టలేదు, చదవాల్సిన మంచి విద్య అనే రాశాడు. గెలీలియో 1615లో రాసిన లేఖలో ఒక కార్డినల్ మాటను చెప్పాడు: పరిశుద్ధాత్మ మనకు పరలోకానికి ఎలా వెళ్లాలో నేర్పుతుంది, ఆకాశం ఎలా నడుస్తుందో కాదు అని.

బిగ్ బ్యాంగ్ పేరెత్తితే దేవుడికి వ్యతిరేకం అనుకునేవాళ్లకు చెప్పాల్సిన పేరు జార్జ్ లెమైత్ర్. ఆ ఆలోచనను 1931లో ముందుకు తెచ్చినాయన బెల్జియం దేశపు క్యాథలిక్ ఫాదర్. 1951లో పోప్ పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి రుజువులా మాట్లాడితే అందరికంటే ఇబ్బంది పడింది లెమైత్రే. తన సిద్ధాంతం సైన్సుగా నిలబడాలి, పడిపోవాలంటే సైన్సుగా పడిపోవాలి, దాని మీద విశ్వాసాన్ని వేలాడదీయొద్దు అన్నది ఆయన పట్టుదల. ఒక ఫాదరుకు అంత నిజాయితీ ఉన్నప్పుడు మనకు భయమెందుకు?

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన చోటికి వస్తాను. ఆదికాండంలో లేని వివరాలు ఎక్కడున్నాయంటే, నీ ఇంటి వెనక కొండ మీద ఉన్నాయి. సింహాచలం కొండలోనూ కైలాసగిరిలోనూ ఎక్కువగా ఉండే రాయిని ఖోండలైట్ అంటాం, ఒడిశా కొండల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే ఆయన పెట్టిన పేరు. రోడ్డు కోసం కొండ తొలిచిన చోట దగ్గరికెళ్లి చూడు. పైన గోధుమ, పసుపు రంగుల్లో పాచిపోయినట్టు ఉంటుంది, తాజాగా విరిగిన ముఖం మీద చిన్న చిన్న ముదురెరుపు గింజలు మెరుస్తాయి, అవి గార్నెట్. అక్కడక్కడా నల్లటి పొరలుంటాయి, వేలితో రాస్తే నల్లగా అంటుకుంటుంది, అది గ్రాఫైట్, నీ పెన్సిల్లో ఉన్నదే. ఈ రాయి మొదట నీళ్ల అడుగున పేరుకున్న బురద. అది పాతిక కిలోమీటర్లకు పైగా లోతుకు పోయి, సుమారు 900 డిగ్రీల వేడిలో ఉడికి, వంద కోట్ల ఏళ్ల కిందట ఇలా తయారైంది. వయసు ఎలా తెలుసంటే, అందులోని జిర్కాన్ అనే ఖనిజంలో యురేనియం ఒక లెక్క ప్రకారం సీసంగా మారుతుంది, సగం మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది, ఎంత మారిందో కొలిస్తే ఎంత కాలమైందో తెలుస్తుంది. ఇలాంటి రాళ్లే తూర్పు అంటార్కిటికా తీరంలో ఉన్నాయి, ఎందుకంటే 13 కోట్ల ఏళ్ల కిందటి దాకా మన తీరం దాన్ని అతుక్కునే ఉంది. ఆర్కే బీచ్ ఉన్న చోట సముద్రమే లేదు! ఆ కొండలు అరిగి కొట్టుకొచ్చిన గార్నెట్టే అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద ఎర్రటి చారలుగా మిగులుతుంది, పక్కనే నల్లటిది ఇల్మనైట్.

సింహాచలంలో ఉన్నది వరాహ నరసింహస్వామి, వరాహం నీళ్లలోంచి భూమిని పైకెత్తింది. ఆ కొండ రాయేమో ఒకప్పుడు నీళ్ల అడుగు బురద. ఈ రెండిటికీ ముడిపెట్టి "పురాణంలో జియాలజీ ఉంది" అని వీడియో చెయ్యడం తేలిక, చేసినవాళ్లకు లక్షల వ్యూస్ వస్తాయి కూడా. వద్దు. భక్తుడు అక్కడ చూసేది మునిగిపోతున్నదాన్ని ఎత్తి నిలబెట్టే చెయ్యిని. దానికి నా రాళ్ల సుత్తి సాక్ష్యం అక్కర్లేదు.

సామెతలు 25వ అధ్యాయంలో "సంగతి మరుగుచేయుట దేవునికి ఘనత, సంగతి శోధించుట రాజులకు ఘనత" అని ఉంది. ఉల్కల్లో సీసం కొలిచిన రోజున ప్యాటర్సన్ చేసిన పని నా కంటికి ఈ వచనంలోని పనే, ఆయన ఏం నమ్మినా సరే. అన్నీ మొదటి పేజీలోనే చెప్పేసి ఉంటే మనకు మెదడు ఇచ్చిందెందుకు?

డైనోసార్ల మాట మర్చిపోలేదు. ఆ పేరు పెట్టిందే 1842లో, రిచర్డ్ ఓవెన్ అనే ఆయన. పేరు కూడా లేని, ఎవరూ చూడని జంతువు గురించి చెప్పి ఆ కాపరుల భయం ఏం తీరుస్తాం? బైబిల్లో పెంగ్విన్ కూడా లేదు, కంగారూ లేదు, మన పనసచెట్టూ లేదు. డైనోసార్‌ను చూడాలంటే హైదరాబాద్ వెళ్లినప్పుడు బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూడు, మన గోదావరి లోయలో, యామనపల్లి దగ్గర దొరికింది, జురాసిక్ కాలం నాటిది. విశాఖ కొండల్లో మాత్రం వెతక్కు. ఈ రాళ్లు ఉడికి గట్టిపడే నాటికి ఎముకలున్న ప్రాణి భూమి మీద ఒక్కటీ లేదు.

కాబట్టి పరీక్షలో 454 కోట్లనే రాయి, నిబ్బరంగా రాయి, అది దేవుణ్ణి కాదన్నట్టు కాదు. పెద్దాయనతో మీటింగ్‌లో నలుగురి ముందు వాదనకు దిగకు, ఆయన కోపం వెనక ఉన్నది ఈ పిల్ల మనకు దక్కకుండా పోతుందేమోనన్న భయం. విడిగా కూర్చున్నప్పుడు ఆగస్టీన్ మాట, కాల్విన్ మాట చెప్పు, చాలామంది పెద్దలు ఈ సంగతులు ఎన్నడూ వినలేదు, విన్నాక మెత్తబడిన వాళ్లను చూశాను. స్నేహితురాలికి ఎనూమా ఎలిష్ కథ చెప్పి, తర్వాత ఆదికాండం మొదటి అధ్యాయం చదివి వినిపించు, ఏమంటుందో చూడు. ఆదాము నిజంగా ఉన్నాడా, పరిణామం నిజమైతే పాపం, మరణం సంగతేమిటని చివర్లో అడిగావు. ఇది దీనికంటే బరువైన ప్రశ్న, ఆదికాండం రెండో, మూడో అధ్యాయాలూ రోమా పత్రిక ఐదో అధ్యాయమూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ముందు అవి ఒకసారి చదివి, ఎక్కడ గుచ్చుకుందో రాయి, అక్కడి నుంచి మొదలుపెడతాను.